క్వారీ లెక్కల్లో బాధ్యతని ఏ పద్దు కింద రాయాలి?

గ్రానైట్ క్వారీలకి పేరున్న చీమకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో తిరిగితే బడి గోడ మీదో, ఆర్‌ఓ ప్లాంటు ముందో, బస్ షెల్టర్ మీదో, గుడి ఆర్చీ మీదో ఒక బోర్డు కనిపిస్తుంది, ఫలానా గ్రానైట్స్ వారి సౌజన్యంతో అని. వాటిని తక్కువ చేసి మాట్లాడను. ప్రకాశం జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లతో ఎన్ని ఊళ్లు అవస్థ పడుతున్నాయో తెలిసినవాళ్లు ఎవరూ ఆర్‌ఓ ప్లాంటుని తేలిగ్గా తీసిపారేయరు. కానీ నేను ఒంగోలులో ఒక ఆడిటర్ ఆఫీసులో క్వారీల లెక్కలు, పాలిషింగ్ యూనిట్ల లెక్కలు చూసే పని చేస్తాను. ఏటా అవే పద్దులు చూస్తూ వచ్చాక ఒక విషయం గట్టిగా చెప్పాలనిపిస్తోంది. సామాజిక బాధ్యత పేరుతో క్వారీలు పెట్టే ఖర్చుకీ, ఆ వ్యాపారం బాగా నడవడానికీ పెద్దగా సంబంధం లేదు. వ్యాపారాన్నీ మనుషుల్నీ కాపాడే బాధ్యత వేరే ఉంది, అది క్వారీ గేటు లోపల ఉంది, చట్టం ప్రకారం అది సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) పద్దులోకి రానే రాదు.

చట్టం ఏం చెబుతోందో ముందు చూద్దాం. 2013 కంపెనీల చట్టంలో సెక్షన్ 135 ఉంది, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏదైనా కంపెనీ నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉంటే, అంతకుముందు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనుల మీద ఖర్చు పెట్టాలి. ఇక్కడే సగం కథ అయిపోతుంది, ఎందుకంటే మన దగ్గర క్వారీల్లో చాలా భాగం కంపెనీలే కావు. ఒకరి పేరు మీద లీజు, లేదంటే నలుగురు కలిసి పెట్టుకున్న భాగస్వామ్య సంస్థ. లాభం ఎంత వచ్చినా సరే, కంపెనీ కాకపోతే ఈ సెక్షన్ వాళ్ల జోలికి రాదు. కంపెనీ అయి, సగటు లాభం సరిగ్గా 5 కోట్లు ఉంటే ఏడాదికి 10 లక్షలు ఖర్చు పెడితే చాలు. ఊళ్లో ఒక ప్లాంటు, బడికి బెంచీలు, ఒక ఫోటో, అయిపోతుంది.

ఏ ఖర్చు సీఎస్ఆర్ కింద ఒప్పుకోరో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2021లో మార్చిన రూల్స్ ప్రకారం కంపెనీ మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనులు సీఎస్ఆర్ కావు, సొంత ఉద్యోగులకి మేలు చేసేవీ కావు. అంటే డ్రిల్లర్‌కి మాస్క్ కొనిచ్చినా, దుమ్ము లేవకుండా నీళ్ల లైను వేయించినా, కార్మికులకి ఎక్స్‌రే తీయించినా అది సీఎస్ఆర్ కాదు. రూల్ పెట్టినవాళ్ల ఉద్దేశం సరైనదే, తన పనివాళ్ల కోసం ఎలాగూ చేయాల్సింది చేసి దానికి సమాజసేవ అని పేరు పెట్టుకోకూడదని. కానీ ఆచరణలో జరిగేది ఏంటంటే బయట చేసే పనికి బోర్డు ఉంటుంది, రిపోర్టులో పేజీ ఉంటుంది, లోపల చేయాల్సిన పనిని అడిగే నాథుడు ఉండడు.

పన్ను సంగతి చెబితే చాలామంది యజమానులు ఆశ్చర్యపోతారు. 2014లో అప్పటి 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 37కి ఒక వివరణ చేర్చారు, దాని ప్రకారం సీఎస్ఆర్ ఖర్చుని వ్యాపార ఖర్చుగా లాభంలోంచి తీసేసుకోవడం కుదరదు. కొన్ని రకాల విరాళాలకి ఇచ్చే మినహాయింపు (ఆ చట్టంలో 80జీ) కింద కొంత దారి ఉంది, అంతే. అదే కంప్రెసర్‌కి నీళ్ల అటాచ్‌మెంట్, పని చోట షెడ్డు, హెల్త్ చెకప్, రోడ్డు తడిపే ట్యాంకర్ అద్దె, ఇవన్నీ మామూలు వ్యాపార ఖర్చులే, మెషినరీ అయితే తరుగుదల కూడా వస్తుంది. అంటే పన్ను లెక్కలో కూడా లోపల పెట్టిన రూపాయి బయట పెట్టిన రూపాయి కంటే చవక. ఈ మాట నేను క్లయింట్లకి చెబుతూనే ఉంటాను. కొందరు వింటారు.

సీఎస్ఆర్ చేసే కంపెనీలకి లాభాలు బాగుంటాయని మేనేజ్‌మెంట్ కాలేజీల్లో, సెమినార్లలో చెబుతుంటారు. క్వారీ రంగానికి కూడా అదే వర్తిస్తుందని ఆ మధ్య ఒకాయన నాతో వాదించారు. నాది ఒకటే ప్రశ్న. లాభం వచ్చింది కాబట్టి ఇచ్చారా, ఇచ్చారు కాబట్టి లాభం వచ్చిందా? సెక్షన్ 135 పెట్టిందే లాభం ఉన్నవాళ్ల మీద. కాబట్టి ఖర్చు పెట్టిన కంపెనీల జాబితా తీస్తే లాభాలున్న కంపెనీలే కనిపిస్తాయి, ఇందులో వింతేముంది? పైగా గ్రానైట్‌లో లాభాన్ని శాసించేవి వేరే. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీనే తీసుకోండి, నల్లటి రాతిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి, బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చే మెరుపు అది. చుక్క ఎంత పెద్దది, రాయంతా సమానంగా పడిందా లేదా, గీతలున్నాయా, పగుళ్లున్నాయా అని చూసి రేటు కడతారు. బ్లాకులు కొనే చైనా బయ్యర్ క్వారీకి వచ్చి రాయి మీద నీళ్లు చల్లి చూస్తాడు గానీ పక్క ఊళ్లో బడికి బెంచీలు ఇచ్చారా అని అడగడు.

మరి వ్యాపారానికి నిజంగా పనికొచ్చే బాధ్యత ఏది? నాకు తెలిసినంతలో మొదటి ఉదాహరణ వైర్ సా. రాతిలో అడ్డంగా ఒక బెజ్జం, నిలువుగా ఒక బెజ్జం వేసి, రెండూ లోపల కలిసేలా చూసి, వజ్రపు పూసలు గుచ్చిన స్టీలు వైరుని అందులోంచి దూర్చి మెషిన్‌తో తిప్పుతారు, కోత పడుతున్నంతసేపూ నీళ్లు పోస్తూనే ఉంటారు. మందు పెట్టి పేలిస్తే రాయి విడిపోతుంది కానీ లోపల కంటికి కనపడని సన్న పగుళ్లు పడతాయి, అవి బయటపడేది ఎక్కడో ఫ్యాక్టరీలో పాలిష్ పట్టాక. అప్పుడు స్లాబ్ పోతుంది, ఆ బ్లాకు అమ్మినవాడి పేరు కూడా పోతుంది. క్వారీలో తవ్విన రాయిలో ఎక్కువ భాగం ఎలాగూ పనికిరాని రాయి పోసే డంపుకే వెళ్తుంది, అమ్ముడుపోయే బ్లాకుగా మిగిలేది కొంతే, ఆ కొంతని కాస్త పెంచగలిగితే లాభం అక్కడే ఉంది. అందుకే పెద్ద క్వారీలు చాలావరకు వైర్ సాకి మారాయి. మారింది రికవరీ (అమ్ముడుపోయే రాయి ఎక్కువ చేతికి రావడం) కోసమే, కార్మికుల ఊపిరితిత్తుల కోసం కాదు. అయినా సరే, నీళ్లతో కోస్తారు కాబట్టి దుమ్ము తగ్గింది, పేలుళ్లు తగ్గాయి, పక్క ఊళ్లో గోడలు అదరడం తగ్గింది. బాధ్యత, లాభం ఒకే మెషిన్‌లో కలిసిన చోటు ఇది. ఏ సీఎస్ఆర్ రిపోర్టులోనూ ఇది కనపడదు.

కానీ కోసిన పెద్ద దిమ్మెని బ్లాకులుగా విడగొట్టాలంటే మళ్లీ వరసగా బెజ్జాలు వేయాల్సిందే, అక్కడ చేత్తో పట్టుకుని రాయి తొలిచే జాక్‌హామర్ వస్తుంది, చాలా చోట్ల పొడి డ్రిల్లింగే. డ్రిల్లర్ మొహం, కనుబొమలు, తలకి చుట్టుకున్న తువ్వాలు అన్నీ బూడిద రంగులో ఉంటాయి. నీళ్లతో డ్రిల్లింగ్ చేయాలని, లేదా దుమ్ముని లాగేసే ఏర్పాటు ఉండాలని గనుల నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. నీళ్లు పోస్తే డ్రిల్లు మొన (బిట్టు) వేడెక్కదు, ఎక్కువ రోజులు వస్తుంది, కాబట్టి అదీ పూర్తిగా నష్టం కాదు.

రెండోది మెట్లు. క్వారీ లోతుకి వెళ్లేకొద్దీ గోడని నిటారుగా వదిలేయకుండా మెట్లు మెట్లుగా, బెంచీలుగా తవ్వాలి. బెంచీ వదిలితే ఆ కింద ఉన్న రాయి ఇప్పటికి చేతికి రాదు, అందుకే మనసొప్పదు, అందులోనూ లీజు చిన్నదైతే. చీమకుర్తి గుంతలు వందల అడుగుల లోతున్నాయి, పైన నిలబడి చూస్తే కింద హిటాచీ అగ్గిపెట్టెలా కనపడుతుంది. 2025 ఆగస్టులో బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో బండలు విరిగిపడి ఆరుగురు చనిపోయారు, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు. 2021 మేలో కడప జిల్లా మామిళ్లపల్లె దగ్గర క్వారీలో జిలెటిన్ స్టిక్స్ దించుతుంటే పేలి పదిమంది చనిపోయారు. ఇలాంటివాటిని వ్యాపార నష్టంతో కలిపి రాయడం నాకే కష్టంగా ఉంది, మనిషి పోవడం వేరు, డబ్బు పోవడం వేరు. కానీ ప్రాణం మాట చెబితే వినని యజమానికి ఇది చెప్పక తప్పదు: ప్రమాదం జరిగిన చోటుని తనిఖీ అయ్యేదాకా ముట్టుకోకూడదు, గనుల భద్రత అధికారులు పని ఆపమని ఉత్తర్వు ఇస్తే అది ఎత్తేసేదాకా ఆగాల్సిందే. ఆగిన రోజుల్లో కూడా బ్యాంకు వడ్డీ, మెషిన్ల అద్దె, స్టాఫ్ జీతాలు ఆగవు, షిప్‌మెంట్ తేదీ దాటిపోతే ఆర్డరు పక్క క్వారీకి వెళ్తుంది. పోయిన కుటుంబాలకి ఇచ్చే పరిహారం వీటన్నిటి ముందు చిన్న పద్దుగా కనిపిస్తుంది, నా కోపం కూడా అదే.

మూడోది ఊరు. టిప్పర్ల మీద పట్టా కప్పరు, రోడ్డు తడపరు, పొగాకు చేల మీద, కంది చేల మీద తెల్లగా దుమ్ము పడుతుంది, మధ్యాహ్నం పేలుళ్లకి ఇంటి గోడ బీట వేస్తుంది. ఊరివాళ్లు కొన్నాళ్లు ఓర్చుకుంటారు, తర్వాత ఒకరోజు రోడ్డుకి అడ్డంగా ఎడ్లబండి పెడతారు. అలా ఆగిన టిప్పర్ల వల్ల వచ్చే నష్టం ఏ లెడ్జర్లోనూ విడిగా ఉండదు, డీజిల్లో, డెమరేజీలో (సరుకు ఆలస్యమైతే పడే రుసుము), ఓవర్‌టైంలో కలిసిపోతుంది. అందుకే యజమానికి అది కనపడదు. అప్పుడు పెద్దమనుషుల్ని పిలిచి గుడికో కల్యాణ మండపానికో ఇంత అని ఒప్పుకుంటారు, అది విరాళాల పద్దులో చేరుతుంది, బోర్డు పడుతుంది. దుమ్ము మాత్రం ఉన్నచోటే ఉంటుంది, మళ్లీ ఏడాదికి మళ్లీ ధర్నా. ఆ డబ్బుతోనే రోజుకి రెండు పూటలా ట్యాంకర్ తిప్పితే, పేలుళ్ల వేళ ముందే ఊరికి చెప్పి మైకు వేస్తే, ఇళ్ల దగ్గర అదురు ఎంతుందో కొలిచే మీటర్ పెట్టి ఆ కాగితం పంచాయతీలో అంటిస్తే గొడవ పుట్టేదే కాదు.

డంపుల సంగతి కూడా ఇలాంటిదే. పనికిరాని రాయిని తొందరగా వదిలించుకోవాలని దగ్గర్లో పోసేస్తారు, పదేళ్లకి చూస్తే దాని కిందే మంచి రాయి ఉందని తేలుతుంది, అప్పుడు కొండంత డంపుని మళ్లీ ఎత్తి వేరేచోట పోయాలి. ఒకే రాయికి రెండుసార్లు డీజిల్. ముందే ప్లాన్ వేసుకుని, కొంత రాయిని క్రషర్లకి, రోబో శాండ్‌కి పంపినవాళ్లకి ఈ బాధ లేదు. పాలిషింగ్ యూనిట్ల స్లరీ (రాతి పొడి కలిసిన బురద) చెరువు గట్ల మీదా, రోడ్డు పక్కనా పోయడం ఇంకో పెద్ద గొడవ, దాని గురించి విడిగా రాయాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చేస్తే కలిసొచ్చేవి. చేసినా లాభం రాని పనులు కూడా ఉన్నాయి, అవే అన్నిటికంటే ముఖ్యమైనవి. సిలికోసిస్, అంటే రాతి దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకి వచ్చే జబ్బు, మామూలుగా బయటపడేది దుమ్ములో పదేళ్లో, ఇంకా ఎక్కువో పనిచేశాక. అప్పటికి ఆ డ్రిల్లర్ మూడు నాలుగు క్వారీలు మారి ఉంటాడు, చాలామంది ఒడిశా, బీహార్, రాజస్థాన్, తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు, దగ్గు మొదలవ్వగానే ఇంటికి వెళ్లిపోతారు. అక్కడ టీబీ అని మందులు వాడుతూ ఉండిపోతారు. ఆ జబ్బు ఖర్చులో ఒక్క రూపాయి కూడా ఇక్కడి క్వారీ లెక్కలోకి రాదు. లెక్కలు చూసే మనిషిగా నన్ను బాగా బాధించేది ఇదే. పుస్తకాలు పక్కాగా ఉంటాయి, ఆడిట్ అవుతుంది, లాభం తేలుతుంది, ఆ లాభంలో ఒక మనిషి ఊపిరితిత్తులు కలిసి ఉన్నాయని ఎక్కడా రాసి ఉండదు.

గెలాక్సీలో క్వార్ట్జ్ (ఈ జబ్బు తెచ్చే సిలికా ఖనిజం) తక్కువ కదా, దుమ్ముతో అంత ప్రమాదం లేదు అనేవాళ్లున్నారు. గెలాక్సీ శాస్త్రం ప్రకారం గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి, క్వార్ట్జ్ తక్కువన్నది నిజమే. కానీ డ్రిల్లర్ ఒకే రాయి దగ్గర జీవితాంతం ఉండడు, ఈ ఏడాది చీమకుర్తి అయితే వచ్చే ఏడాది కరీంనగర్ వైపో ఖమ్మం వైపో వెళ్తాడు, అసలైన గ్రానైట్‌లో క్వార్ట్జ్ కనీసం ఐదో వంతు ఉంటుంది. 1955 నాటి గనుల రూల్స్‌లో పనిలో చేరినప్పుడు ఒకసారి, తర్వాత కనీసం ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష చేయించాలని ఉంది. మేస్త్రీ ద్వారా వచ్చిన మనిషి పేరు హాజరు పుస్తకంలోనే సరిగ్గా లేనప్పుడు ఎక్స్‌రే ఎవరికి తీస్తారు? 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) చట్టంలో, గనుల చట్టం కిందకి వచ్చే క్వారీ ఫ్యాక్టరీ కింద లెక్కకి రాలేదు, కాబట్టి పక్కనే ఉన్న పాలిషింగ్ యూనిట్ కార్మికుడికి ఉండే ఈఎస్ఐ కార్డు క్వారీ డ్రిల్లర్‌కి ఉండేది కాదు. 2025 నవంబరు దాకా నడిచిన 1923 నాటి నష్టపరిహార చట్టంలో వృత్తి జబ్బుల జాబితాలో ఈ జబ్బు ఉండేది. కానీ ఏ క్వారీలో ఎన్నేళ్లు పనిచేశాడో చూపించుకోవాల్సింది ఆ జబ్బు మనిషే.

అడ్వాన్సుల సంగతి కూడా చెప్పాలి. సీజన్ మొదట్లో మేస్త్రీ చేతికి పెద్ద మొత్తం ఇస్తారు, అది కార్మికుల పేర్ల మీద పంచుతారు, తీరేదాకా మనిషి కదలడానికి లేదు. లెక్కల్లో అది ఆస్తుల వైపు రాస్తాం, కార్మికులకి ఇచ్చిన అడ్వాన్సులు అని. 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది, అప్పు తీరేదాకా పని వదిలి వెళ్లకూడదని కట్టడి చేయడం ఆ చట్టం ప్రకారం నేరం. 2017లో నెదర్లాండ్స్‌కి చెందిన ఒక సంస్థ తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక గ్రానైట్ క్వారీల మీద చేయించిన పరిశోధనలో ఈ అడ్వాన్సుల సంగతే ప్రధానంగా బయటికొచ్చింది. యూరప్‌లో వంటగది బండలకీ సమాధి రాళ్లకీ మన రాయి వాడతారు. జర్మనీలో కొన్ని రాష్ట్రాలు పిల్లల చేత పని చేయించి తీసిన రాయిని శ్మశానాల్లో పెట్టనివ్వకూడదని చట్టాలు చేసుకున్నాయి, 2023 నుంచి అక్కడి పెద్ద కంపెనీలు తమ సరుకు ఎక్కడినుంచి ఎలా వస్తోందో చూసుకోవాలని ఇంకో చట్టం అమల్లోకి వచ్చింది. చైనాకి బ్లాకులు పంపేవాళ్లని ఇవి ఇప్పుడే తాకవు. ఒక్క దేశం బయ్యర్ల మీదే ఆధారపడితే వాళ్లు కొనడం తగ్గించినప్పుడల్లా ఏమవుతుందో చీమకుర్తిలో అందరికీ తెలుసు, యూరప్ వైపు తలుపు తెరిచి ఉంచుకోవాలంటే హాజరు పుస్తకం, జీతం బ్యాంకులో వేసిన రుజువు, మెడికల్ రికార్డు కావాలి.

"మేం సీనరేజి (రాయి తీసినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము) కడుతున్నాం, దానిమీద డీఎంఎఫ్ (జిల్లా మినరల్ ఫౌండేషన్ డబ్బు) కూడా కడుతున్నాం, ఇంకా బాధ్యత అంటారేంటి" అని యజమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా మినరల్ ఫౌండేషన్లు పెట్టారు, గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాలకి, మనుషులకి ఖర్చు పెట్టమని. తాగునీరు, పర్యావరణం, వైద్యం, చదువు వాటిలో ముందు వరసలో ఉండాలి. ఆ డబ్బు ఎక్కడ ఖర్చయిందో అడిగే హక్కు కట్టిన యజమానికీ ఉంది, దుమ్ము పీల్చిన ఊరికీ ఉంది. ఇద్దరూ కలిసి అడగడం మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు.

రాజస్థాన్ ఈ విషయంలో మనకంటే చాలా ముందుంది. 2019లో అక్కడి ప్రభుత్వం దుమ్ము జబ్బుల మీద ప్రత్యేక పాలసీ తెచ్చింది. సిలికోసిస్ అని తేలితే కార్మికుడికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు, దానికి తోడు పెన్షన్. ఏ క్వారీ వల్ల వచ్చిందో అతను నిరూపించుకునే దాకా ఆపకుండా ముందు మనిషికి సాయం అందించాలన్నది దాని పద్ధతి. మన రెండు రాష్ట్రాల్లో గ్రానైట్ ఉంది, తాండూరు, బేతంచెర్ల బండలున్నాయి, క్వార్ట్జ్ మిల్లులున్నాయి, క్రషర్లకి లెక్కే లేదు. డీఎంఎఫ్ డబ్బుతో ఒంగోలు, కరీంనగర్, తాండూరు ప్రభుత్వాసుపత్రుల్లో వారానికి ఒకరోజు దుమ్ము జబ్బుల క్లినిక్ పెట్టి, ఎక్స్‌రే చదవడం వచ్చిన డాక్టర్‌ని కూర్చోబెట్టి, వచ్చినవాళ్ల పేరు, పనిచేసిన క్వారీలు, ఏళ్లు రాసిపెడితే చాలు, మొదలవుతుంది. సొంత ఊరికి వెళ్లిపోయే ముందు ఆ కాగితం ఒకటి చేతిలో ఉంటే ఒడిశా డాక్టర్‌కైనా అది టీబీ కాకపోవచ్చని అనుమానం వస్తుంది. క్వారీ యజమానుల సంఘాలు ఈ ఒక్క పని కోసం కలెక్టర్ దగ్గరికి వెళ్తే, ఆ వినతిపత్రం రాసిపెట్టడానికి, లెక్కలు వేసిపెట్టడానికి నేను సిద్ధం.